ఒకే ‘ఫ్వె’: ఒకచోట ‘వెళ్ళాడు’, మరోచోట ‘జరిగింది’

ప్రశ్న: కొన్ని నెలలుగా ఆన్‌లైన్‌లో స్పానిష్ నేర్చుకుంటున్నాను. వర్తమానం బాగానే వచ్చింది, భూతకాలం దగ్గర ఆగిపోయాను. ‘సేర్’ (ఉండు, అవు) క్రియకూ ‘ఈర్’ (వెళ్ళు) క్రియకూ గతంలో రూపాలు ఒకటేనంటున్నారు. ‘లా బోదా ఫ్వె ఎన్ తొలేదో’ అనే వాక్యానికి ‘పెళ్ళివారు తొలేదో వెళ్ళారు’ అని రాస్తే తప్పన్నారు. ‘నిన్న ఇంట్లోనే ఉన్నాను’ అనడానికి ‘అయేర్ ఫ్వి ఎన్ కాసా’ అని రాస్తే అదీ కొట్టేశారు. చదివేటప్పుడు ఏది ఏ క్రియో ఎలా పోల్చుకోవాలి? ‘ఫ్వేరా’ అని ఇంకో రూపం కూడా కనిపిస్తోంది. దాన్ని ఇప్పుడే పట్టించుకోవాలా?
— ఒక పాఠకురాలు, హనుమకొండ

సమాధానం: మీరు రాసిన రెండు తప్పులూ ఒకే జాతివి కావు. మొదటిది చదివేటప్పుడు వచ్చేది, ‘ఫ్వె’కు రెండర్థాలు ఉండటం వల్ల వచ్చింది. రెండోది రాసేటప్పుడు వచ్చేది, దానికి కారణం మన తెలుగు ‘ఉండు’ క్రియ. చాలామంది రెండింటినీ ఒకే గాటన కట్టి, ‘ఈ ఫ్వె నాకు అర్థం కాదు’ అని వదిలేస్తారు. విడదీసి చూస్తే రెండూ లొంగుతాయి.

ఇక్కడ స్పానిష్ మాటలను పలికే తీరుకు దగ్గరగా తెలుగు లిపిలో రాస్తున్నాం. మీ నోటుబుక్కులో మాత్రం స్పానిష్ అక్షరాల్లోనే రాసుకోండి.

ముందుగా రూపాలు. నేను: ఫ్వి. నువ్వు: ఫ్విస్తె. అతడు, ఆమె, అది, గౌరవంగా పిలిచే ‘మీరు’: ఫ్వె. మేము, మనం: ఫ్విమోస్. స్పెయిన్‌లో చనువుగా పిలిచే ‘మీరంతా’: ఫ్విస్తేయిస్. వాళ్ళు, మర్యాదగా ‘మీరంతా’: ఫ్వెరోన్. లాటిన్ అమెరికాలో మాట్లాడేవాళ్ళు ‘ఫ్విస్తేయిస్’ వాడరు, దాని స్థానంలోనూ ‘ఫ్వెరోన్’ అంటారు. మీ పాఠ్యపుస్తకంలో ఇవన్నీ ‘ప్రెతేరితో ఇందెఫినీదో’ అనే పేరు కింద ఉంటాయి. ఈ ఆరూ ‘సేర్’వీ, ‘ఈర్’వీ కూడా. ఒక్క అక్షరం తేడా లేదు, పలకడంలోనూ తేడా లేదు. అందుకే మాటను ఎంతసేపు చూసినా జవాబు దొరకదు, వాక్యాన్ని చూడాలి.

ఇది భయపడాల్సిన సంగతి కాదు. ‘వస్తాడు’ అనే మన క్రియనే తీసుకోండి. ‘రోజూ వస్తాడు’లో అలవాటు, ‘రేపు వస్తాడు’లో భవిష్యత్తు. ఏ తెలుగువాడూ ఆ మాట విని తికమకపడడు. పక్కనున్న ‘రోజూ’, ‘రేపు’ పని చేసిపెడతాయి. స్పానిష్ వాళ్ళకు ‘ఫ్వె’ కూడా అంతే.

ఎందుకిలా అయిందో ఒక్క మాటలో చెప్పుకుంటే గుర్తుండటం తేలిక. స్పానిష్ ‘ఈర్’ మూడు వేర్ల నుంచి కూడుకున్న క్రియ. ‘ఈర్’, ‘ఈబా’ ఒక లాటిన్ క్రియ నుంచీ, ‘బోయ్’, ‘బాస్’, ‘బా’ మరో లాటిన్ క్రియ నుంచీ వచ్చాయి. ‘ఫ్వి’ వరుస మాత్రం లాటిన్‌లో ‘ఉండు, అవు’ అని అర్థమిచ్చే క్రియది. ఒకచోట ఉండి వచ్చామంటే అక్కడికి వెళ్ళినట్టే కదా, ఆ దారిలోనే అర్థం జారింది. పోర్చుగీసులోనూ ఇదే కలయిక ఉంది. అంటే ‘సేర్’ రూపాలను ‘ఈర్’ అరువు తెచ్చుకుంది. వర్తమానంలో మాత్రం రెండు క్రియలూ పూర్తిగా వేరు. మనకు కావలసిన పనిముట్టు అక్కడే ఉంది.

చదివేటప్పుడు అనుమానం వచ్చిన ప్రతిసారీ ఆ వాక్యాన్ని వర్తమానంలోకి మార్చండి. ‘ఫ్వె’ ఉన్నచోట ఒకసారి ‘సేర్’ రూపమైన ‘ఎస్’, ఒకసారి ‘ఈర్’ రూపమైన ‘బా’ పెట్టి చూడండి. ‘ఫ్వి’కి ‘సోయ్’ లేదా ‘బోయ్’, ‘ఫ్విస్తె’కు ‘ఏరెస్’ లేదా ‘బాస్’, ‘ఫ్విమోస్’కు ‘సోమోస్’ లేదా ‘బామోస్’, ‘ఫ్వెరోన్’కు ‘సోన్’ లేదా ‘బాన్’. ఈ రూపాలు మీకు మొదటి నెలలోనే వచ్చేసి ఉంటాయి. మీ వాక్యంతోనే చూద్దాం. ‘లా బోదా ఎస్ ఎన్ తొలేదో’, పెళ్ళి తొలేదోలో. సరిగ్గా ఉంది. ‘లా బోదా బా ఎన్ తొలేదో’, పెళ్ళి తొలేదోలో వెళ్తుంది. అర్థం లేదు. కాబట్టి ఇది ‘సేర్’. పెళ్ళి తొలేదోలో జరిగింది. అసలు ‘పెళ్ళివారు’ అనే మాట ఆ వాక్యంలో లేనేలేదు. ‘వెళ్ళు’ అనే అర్థాన్ని ముందే ఖాయం చేసుకోవడం వల్ల, దానికి సరిపోయే కర్తను మీరే పుట్టించాల్సి వచ్చింది. ఈ తప్పు ఎప్పుడూ ఇలాగే పుడుతుంది: అర్థం ముందు, వాక్యం తర్వాత.

వెనక ‘ఆ’ (మన ‘-కు’ లాంటిది) ఉంటే ఈర్, ‘ఎన్’ (మన ‘-లో’ లాంటిది) ఉంటే సేర్ అని కొన్ని చోట్ల నేర్పిస్తారు. మొదటి వారానికి పనికొస్తుంది, తర్వాత దెబ్బతీస్తుంది. ‘ఆనా ఫ్వె ఎన్ త్రేన్’లో ‘ఎన్’ ఉంది, కానీ అర్థం ‘ఆనా రైల్లో వెళ్ళింది’. వాహనం ముందు వచ్చే ‘ఎన్’ అది. ‘లా ఫియేస్తా ఫ్వె ఆ లాస్ ఓచో’లో ‘ఆ’ ఉంది, కానీ అర్థం ‘పార్టీ ఎనిమిదింటికి జరిగింది’. గంట ముందు వచ్చే ‘ఆ’ అది. అదే వాక్యంలో కర్తను మార్చి ‘ఆనా ఫ్వె ఆ లాస్ ఓచో’ అంటే ‘ఆనా ఎనిమిదింటికి వెళ్ళింది’ అవుతుంది. పార్టీ నడవదు, మనిషి నడుస్తుంది. అందుకే విభక్తి కంటే ముందు కర్తను చూడండి. కర్త ఒక సంఘటన అయితే (పెళ్ళి, మీటింగు, పరీక్ష, మ్యాచ్) ‘సేర్’ అనుకుని మొదలుపెట్టండి. కర్త మనిషి అయి వెనక ఊరో, దిక్కో, ప్రయాణమో ఉంటే ‘ఈర్’. కర్త మనిషే అయినా వెనక వృత్తి, గుణం, నామవాచకం ఉంటే మళ్ళీ ‘సేర్’: ‘మీ అబ్వేలో ఫ్వె మయెస్త్రో’, మా తాత ఉపాధ్యాయుడిగా పనిచేశారు (స్పానిష్ ‘మీ’ అంటే ‘నా’).

ఒకే మనిషి కథలో అన్ని వాడుకలూ ఎలా కలిసి నడుస్తాయో చూడండి. భూమి చుట్టూ మొదటిసారి తిరిగొచ్చిన ఓడకు చివరి కెప్టెన్ హువాన్ సెబాస్తియాన్ ఎల్కానో. ‘ఎల్కానో ఫ్వె మరీనో’: నావికుడు, సేర్. ‘ఫ్వె ఆ లాస్ మొలూకాస్’: మొలూకా దీవులకు వెళ్ళాడు, ఈర్. ఇక్కడ ‘ఆ లాస్’ వెనక గంట లేదు, ఊరి పేరు లాంటిది ఉంది, గమనించండి. ‘ఫ్వె ఎలెహీదో కపితాన్’: కెప్టెన్‌గా ఎన్నికయ్యాడు. ఇది కర్మణి ప్రయోగం, ఎప్పుడూ సేర్. ‘లా బ్వేల్తా ఫ్వె ఎన్ 1522’: తిరిగిరావడం 1522లో జరిగింది, సేర్. నాలుగు వాక్యాల్లో ఒక్కటే ‘వెళ్ళాడు’. వార్తలు, చరిత్ర చదివేటప్పుడు ‘సేర్’ పాలు బాగా ఎక్కువని మీకే తెలుస్తుంది, అందులోనూ కర్మణి ప్రయోగం ఎక్కువ. ‘ఫ్వె’ వెనక ‘-ఆదో’, ‘-ఈదో’ అని ముగిసే మాట కనిపిస్తే ముందుగా కర్మణి అనే అనుకోండి. కర్త స్త్రీ అయితే ఆ మాట ‘-ఆదా’, ‘-ఈదా’ అని మారుతుంది. ‘వెళ్ళాడు’, ‘వెళ్ళింది’ అని మన క్రియ చూపే తేడాను ‘ఫ్వె’ చూపదు కాబట్టి, ఆ ముగింపే మీకు ఆధారం.

ఇక ముందు కర్త కనిపించనివి. ‘ఫ్వి యో’ అంటే ‘నేనే చేశాను’. ఎవరు చేశారని అడిగినప్పుడు వచ్చే జవాబు. ‘ఫ్వె ఆనా క్యేన్ యమో’ అంటే ‘ఫోన్ చేసింది ఆనాయే’. తెలుగులో ‘చేసింది ఆనాయే’ అని ఎలా నొక్కి చెబుతామో సరిగ్గా అలాగే. ఇవి సేర్.

నిజంగానే రెండర్థాలూ నిలబడే వాక్యాలు కొన్ని ఉన్నాయి. ‘ఫ్వె పోర్ సు మాద్రె’ అంటే ‘అది వాళ్ళమ్మ వల్లే’ అని ఒక అర్థం, ‘వాళ్ళమ్మను తీసుకురావడానికి వెళ్ళాడు’ అని మరో అర్థం. ‘ఎస్ పోర్’, ‘బా పోర్’ రెండూ స్పానిష్‌లో నిలుస్తాయి కాబట్టి మన పరీక్ష ఇక్కడ తేల్చదు. ముందు వాక్యమే తేల్చాలి. స్పెయిన్‌లో ‘తీసుకురావడానికి వెళ్ళాడు’ అనే అర్థానికి ‘ఫ్వె ఆ పోర్’ అనడమే ఎక్కువ గనుక అక్కడ ఈ అనుమానం అరుదు. లాటిన్ అమెరికా వాడుకలో వస్తుంది. ఇంకొకటి, ‘ఎల్ ప్రేమియో ఫ్వె పారా ఆనా’. ‘బహుమతి ఆనాకు వెళ్ళింది’ అని అనిపించినా అది ‘సేర్’, బహుమతి ఆనాకు దక్కింది. తెలుగులో ఏ క్రియతో అనువదిస్తామన్నది ఆధారం కాదు, స్పానిష్ వర్తమానంలో ఏది నిలుస్తుందన్నదే ఆధారం: ‘ఎల్ ప్రేమియో ఎస్ పారా ఆనా’.

‘సె ఫ్వె’ దగ్గర తెలుగువాళ్ళకు గొప్ప వెసులుబాటు ఉంది, వాడుకోండి. ‘ఆనా ఫ్వె ఆ లీమా’ అంటే ఆనా లీమా వెళ్ళింది. ‘ఆనా సె ఫ్వె’ అంటే ఆనా వెళ్ళిపోయింది. గమ్యం మీద కాక, ఇక్కడి నుంచి కదిలిపోవడం మీద దృష్టి. మన ‘పోయింది’ చేసే పనే ఆ ‘సె’ చేస్తోంది. ‘సె ఫ్వె లా లూస్’ అంటే ‘కరెంటు పోయింది’, మక్కీకి మక్కీ. కర్తను బట్టి ‘సె’ మారుతుంది: ‘మె ఫ్వి’ వెళ్ళిపోయాను, ‘తె ఫ్విస్తె’ వెళ్ళిపోయావు, ‘నోస్ ఫ్విమోస్’ వెళ్ళిపోయాం.

కానీ ‘మె ఫ్వి’కీ ‘మె ఫ్వె’కీ చాలా దూరం. చివరి అచ్చు ఒక్కటే తేడా. ‘మె ఫ్వె బ్యేన్ ఎన్ ఎల్ ఎక్సామెన్’ అంటే ‘పరీక్ష బాగా రాశాను, బాగా గడిచింది’. ఇక్కడ వెళ్ళింది నేను కాదు, పరీక్ష నాకు బాగా జరిగింది. దీని వర్తమానం ‘మె బా బ్యేన్’, కాబట్టి ఈర్. ‘కోమో తె ఫ్వె?’ అని ఎవరైనా అడిగితే ‘ఎలా వెళ్ళావు’ అని కాదు, ‘ఎలా జరిగింది’ అని. దానికి ‘ఎన్ త్రేన్’ అని జవాబిస్తే అడిగినవాళ్ళు తెల్లబోతారు. మళ్ళీ ‘మె ఫ్వె దిఫీసిల్’ అంటే ‘నాకు కష్టమైంది’, అది ‘సేర్’. వర్తమానంలో ‘మె ఎస్ దిఫీసిల్’.

ఇప్పుడు మీ రెండో తప్పు, ‘అయేర్ ఫ్వి ఎన్ కాసా’. ఇది ‘ఫ్వి’కున్న రెండర్థాల తగాదా కాదు. తెలుగులో ‘ఉన్నాను’ అన్న ఒక్క మాట చేసే పనిని స్పానిష్‌లో ‘సేర్’, ‘ఎస్తార్’ పంచుకుంటాయి. మనిషి గానీ వస్తువు గానీ ఎక్కడ ఉందో చెప్పాలంటే ‘ఎస్తార్’ వాడాలి. ‘నిన్న ఇంట్లోనే ఉన్నాను’ అంటే ‘అయేర్ ఎస్తూబె ఎన్ కాసా’. సంఘటన ఎక్కడ జరిగిందో చెప్పడానికి మాత్రం ‘సేర్’. అందుకే పెళ్ళికి ‘ఫ్వె ఎన్’ సరైంది, మీకు ‘ఫ్వి ఎన్’ తప్పైంది. చోటు చెప్పేటప్పుడు ఈ తెలుగు పరీక్ష పెట్టుకోండి: ఆ వాక్యంలో ‘ఉంది’ తీసేసి ‘జరిగింది’ పెట్టగలిగితే ‘ఫ్వె’, పెట్టలేకపోతే ‘ఎస్తూబో’. ‘మీటింగు ఆఫీసులో జరిగింది’ అనొచ్చు, కాబట్టి ‘ఫ్వె’. ‘నేను ఇంట్లో జరిగాను’ అనలేం, కాబట్టి ‘ఎస్తూబె’. అలసట, అనారోగ్యం లాంటి స్థితులకు కూడా ‘ఎస్తార్’ వాడాలి, ‘ఫ్వి’ కుదరదు. మీరు ఇంటికి వెళ్ళారని చెప్పదలిస్తే ‘అయేర్ ఫ్వి ఆ కాసా’ అవుతుంది. ఆ చిన్న ‘ఆ’ మారిస్తే కథే మారిపోతుంది.

దీనికి తోడు మరో తెలుగు అలవాటు ఉంది. ‘మా తాత టీచరు’ అంటే మనకు వాక్యం పూర్తయిపోతుంది, క్రియ అక్కర్లేదు. అందువల్ల స్పానిష్ రాసేటప్పుడు ‘మీ అబ్వేలో మయెస్త్రో’ అని క్రియ ఎగరగొట్టడం, వినేటప్పుడు మధ్యలోని ‘ఫ్వె’ చెవిన పడకపోవడం, పడితే ‘క్రియ అంటే వెళ్ళాడేమో’ అని ఊహించుకోవడం జరుగుతాయి. అందుకే చెవికి ‘సేర్’ వాక్యాలు ఎక్కువగా వినిపించాలి.

‘ఫ్వె’నా ‘ఎరా’నా అన్న ప్రశ్న కూడా మీకు త్వరలోనే ఎదురవుతుంది. గతంలో సాగుతూ ఉన్న పరిస్థితికి ‘సేర్’ రూపం ‘ఎరా’, ‘ఈర్’ రూపం ‘ఈబా’. ఇక్కడ రెండు క్రియలూ మళ్ళీ వేరువేరు, అయోమయం లేదు. తెలుగులో ‘వెళ్ళాడు’ అంటే ‘ఫ్వె’. ‘వెళ్ళేవాడు’, ‘(అప్పుడు) వెళ్తున్నాడు’ అంటే ‘ఈబా’. ‘పనిచేశారు’ అని ముగించి చెబితే ‘ఫ్వె మయెస్త్రో’. ‘ఆ రోజుల్లో టీచరుగా ఉండేవారు’ అని వర్ణిస్తే ‘ఎరా మయెస్త్రో’. మన ‘-ఏవాడు’, ‘-ఏది’ రూపం ఎక్కడ సహజంగా వస్తుందో అక్కడ ‘ఎరా’, ‘ఈబా’ వైపు మొగ్గితే చాలావరకు సరిపోతుంది.

సాధన విషయానికి వస్తే, ముందు వైపు ‘ఫ్వె’, వెనక వైపు ‘ఉన్నాడు / వెళ్ళాడు’ అని రాసిన కార్డులుంటే పక్కన పెట్టేయండి. అవి ఊహించడం నేర్పుతాయి, చదవడం నేర్పవు. కార్డు మీద ఎప్పుడూ పూర్తి వాక్యమే ఉండాలి. పన్నెండు కార్డులు చాలు: వృత్తి, గుణం చెప్పేవి నాలుగు, సంఘటన చెప్పేవి రెండు, ప్రయాణం చెప్పేవి నాలుగు, ‘సె ఫ్వె’ రకం రెండు. ముందు తెలుగు, వెనక స్పానిష్. వెనక వైపు స్పానిష్ వాక్యం కింద దాని వర్తమానం, దాని కింద ‘ఎరా’ లేదా ‘ఈబా’ వాక్యం రాయండి. రోజుకు పదిహేను నిమిషాల చొప్పున రెండు వారాలు తెలుగు చూసి మూడు వాక్యాలూ గట్టిగా చెప్పండి. మూడో రోజుకే ‘ఎస్’, ‘బా’ మార్పు అడగకుండానే వచ్చేస్తుంది. తర్వాత ఏదైనా చిన్న వార్త తీసుకుని, ప్రతి ‘ఫ్వె’, ‘ఫ్వెరోన్’ కింద పెన్సిలుతో ‘ఎస్’, ‘బా’, ‘సోన్’, ‘బాన్’లలో తగినది రాయండి. అప్పటిదాకా తెలుగులోకి అనువదించకండి.

పలికేటప్పుడు ‘ఫ్వె’ ఒకే అక్షరం. ‘ఫు-యే’ అని రెండుగా విరవకూడదు, ఇంగ్లీషు అలవాటులో ‘ఫ్యూ’ అని మొదలుపెట్టకూడదు. పైపళ్ళు కింది పెదవికి తగలాలి. వేగంగా మాట్లాడేటప్పుడు ‘ఫ్వె ఆ’లోని ‘ఆ’, వెనకాల ‘అ’తో మొదలయ్యే మాట ఉంటే అందులో కలిసిపోతుంది: ‘ఫ్వె ఆ ఆవిలా’ చెవికి ‘ఫ్వె ఆవిలా’ అనే వినిపిస్తుంది. వినేటప్పుడు ‘ఆ’ కోసం వెతకడం కంటే కర్తను, ఊరి పేరును పట్టుకోవడం మేలు.

రాతలో ‘ఫ్వి’, ‘ఫ్వె’ మీద ఏటవాలు గీత పెట్టకండి. పాత పుస్తకాల్లో గీత కనిపిస్తుంది. స్పానిష్ రాయల్ అకాడమీ 1952లో ప్రకటించి 1959 నుంచి తప్పనిసరి చేసిన నియమాలతో అది పోయింది. ‘ఫ్విస్తె’ చివర ‘స్’ చేర్చి ‘ఫ్విస్తెస్’ అనడం వీధుల్లో వినిపిస్తుంది, పరీక్షలో మాత్రం తప్పు కిందే లెక్క.

‘ఫ్వేరా’ గురించి. ఊహనో కోరికనో చెప్పేటప్పుడు వచ్చే ఈ రూపం కూడా ‘సేర్’, ‘ఈర్’ రెండింటిదీ. పైగా ‘బయట’ అనే అర్థంలో విడిగా ఒక అవ్యయం కూడా ఉంది: ‘ఫ్వేరా దె కాసా’, ఇంటి బయట. మీరిప్పుడు వర్తమానం దాటి భూతకాలంలో ఉన్నారు గనుక దీన్ని రాయడానికి తొందరపడక్కర్లేదు, చదివి గుర్తుపడితే చాలు. ‘సి ఫ్వేరా మేదికో’ అంటే ‘నేను డాక్టర్నయితే’, ‘సి ఫ్వేరా ఆ లీమా’ అంటే ‘లీమా వెళ్తే’. ‘కోమో సి ఫ్వేరా’ కనిపిస్తే దాదాపు ఎప్పుడూ ‘అయినట్టుగా’ అనే, అంటే సేర్. ‘మె పిదియో కె ఫ్వేరా ఆ సు కాసా’ అంటే ‘వాళ్ళింటికి రమ్మని అడిగింది’. ఇక్కడ మన పరీక్షలో ‘ఎస్’, ‘బా’లకు బదులు, వర్తమానంలో ఇలాంటి రూపాలే అయిన ‘సేయా’ (సేర్), ‘బాయా’ (ఈర్) పెట్టాలి: ‘మె పీదె కె బాయా’ నిలిచింది, కాబట్టి ఈర్. స్పానిష్‌లో అక్కడికి ‘వెళ్ళు’ అనే చోట మనం ‘రా’ అంటాం, దానికి కంగారుపడకండి. ‘ఫ్వేసె’ అని కనిపిస్తే అది ఇదే రూపానికి రెండో వేషం, అర్థం అదే. రాయాల్సి వస్తే ‘ఫ్వెరోన్’ చివరి ‘రోన్’ తీసి ‘రా’ చేర్చండి, గీత మాత్రం ‘మేము’ రూపమైన ‘ఫ్వేరామోస్’ మీద ఒక్కదానికే పెట్టండి.